తిరుపతి శివారులో స్థలం: అంకణం ధర అడిగే ముందు పటంలో రంగు అడగండి

మొన్న వేసవి సెలవుల్లో పుత్తూరు నుంచి ఒక టీచర్ల జంట మా ఆఫీసుకు వచ్చింది. ఆయన బల్ల మీద మూడు కాగితాలు పరిచారు. మొదటిది దళసరి కాగితం మీద అచ్చయిన రంగుల బ్రోచర్. రెండోది జెరాక్సుకు జెరాక్సు తీసి గీతలు అలుక్కుపోయిన లేఅవుట్ పటం. మూడోది పట్టాదారు పాసు పుస్తకం నకలు. "మూడింటికీ అడుగుతున్న డబ్బు దాదాపు ఒకటే సార్. ఏది తీసుకోమంటారు?" అన్నారు. ఆవిడ ఏమీ అనలేదు. పాసు పుస్తకం నకలు తన వైపు తిప్పుకుని సర్వే నెంబరు చదువుతున్నారు. ఆ ఇంట్లో కాగితాలు చదివే మనిషి ఎవరో నాకు అప్పుడే అర్థమైంది.

బ్రోచర్‌లోది తిరుచానూరు దాటాక తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) ఆమోదం ఉన్న వెంచర్, 40 అంకణాల ప్లాటు. జెరాక్సు పటం రేణిగుంట రోడ్డు నుంచి లోపలికి వెళితే వచ్చే ఇంకో వెంచర్, 70 అంకణాలు, ఆమోదం లేదు. పాసు పుస్తకం చంద్రగిరి వైపు ఒక పల్లె పక్కనున్న అరటితోట, 25 సెంట్లు. మన అంకణం 36 చదరపు అడుగులు కాబట్టి ఆ లెక్కన 25 సెంట్లంటే మూడు వందల రెండున్నర అంకణాలు. (నెల్లూరు వైపు అంకణం 72 చదరపు అడుగులు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు నాయుడుపేట మన జిల్లాలోకి వచ్చింది. ఇప్పుడు ఒకే జిల్లాలో రెండు అంకణాలున్నాయి. నాయుడుపేట దగ్గర కొనేవాళ్లు ఏ అంకణమో అడిగి మరీ లెక్క వేసుకోండి.)

ఒకే డబ్బుకు ఒకచోట 40, ఒకచోట 70, మరోచోట 302 అంకణాలు వస్తున్నాయంటే అమ్మేవాళ్లలో ఎవరో మంచివాళ్లని కాదు. మట్టి మూడుచోట్లా మట్టే. తేడా ఆ మట్టి మీద మనల్ని ఏం చేయనిస్తారన్న దాంట్లో ఉంది. మనం ధర కట్టేది ఆ అనుమతికి. ఇళ్ల ప్లాన్లు గీసి అనుమతులు తెప్పించే పనిలో ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాను. డబ్బు పోగొట్టుకుని నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది దొంగ డాక్యుమెంటు వల్ల పోగొట్టుకోలేదు. అసలైన డాక్యుమెంటుతో, పక్కాగా రిజిస్టరైన స్థలంలో, ఇల్లు కట్టుకోలేక పోగొట్టుకున్నారు.

పటం ముందు, ప్లాటు తర్వాత

తిరుపతికి ఉత్తరాన శేషాచలం కొండలు గోడలా నిలబడి ఉన్నాయి. అటు రిజర్వు అడవి, నేషనల్ పార్కు. ఊరు అటు పెరగదు. అందుకే దక్షిణాన తిరుచానూరు, అవిలాల, తుమ్మలగుంట, పడమట పేరూరు, చంద్రగిరి, తూర్పున కరకంబాడి, రేణిగుంట, అటు దాటి ఏర్పేడు దాకా పాకింది. ఐఐటీ, ఐసర్ 2015లో వచ్చాక ఏర్పేడు దారిలో పొలం గట్ల మీద కూడా వెంచర్ల బోర్డులు మొలిచాయి.

ఈ శివారులో చిక్కేమిటంటే ఒకే స్థలం మీద నాలుగైదు ఆఫీసుల చెయ్యి ఉంటుంది. ఇంటి పన్ను పంచాయతీకి. లేఅవుట్ ఆమోదం తుడా నుంచి. భూమి ఎవరిదో, ఏం సాగో చెప్పే అడంగల్, 1-బీ రికార్డులు తహసీల్దారు దగ్గర. రిజిస్ట్రేషన్ సబ్ రిజిస్ట్రార్ దగ్గర. ఒక్కో ఆఫీసు తన కాగితానికే పూచీ. సబ్ రిజిస్ట్రారు డాక్యుమెంటు రిజిస్టరు చేశారంటే ఆ అమ్మకం జరిగిందని అర్థం, అంతే. అక్కడ ఇల్లు కట్టవచ్చని ఆయన ఎక్కడా చెప్పలేదు. "రిజిస్ట్రేషనే అయిపోయింది కదా సార్" అని నాతో వాదించినవాళ్లందరూ ఇక్కడే పొరబడ్డారు.

ఏం కట్టవచ్చో చెప్పేది మాస్టర్ ప్లాన్. తుడా పరిధిలోని ప్రతి సర్వే నెంబరూ అందులో ఏదో ఒక జోన్‌లో ఉంటుంది: నివాస, వాణిజ్య, పారిశ్రామిక, ప్రజావసరాల, వినోద, వ్యవసాయ జోన్లు, రోడ్లు, నీటివనరులు. రంగుల పటం చూపించి "పసుపు రంగు సార్, ఇళ్ల జోనే" అని ఎవరైనా అంటే రంగును నమ్మవద్దు. ఫోనులో నాలుగు చేతులు మారి వచ్చిన పటంలో పసుపు ఏదో లేత ఆకుపచ్చ ఏదో దేవుడికే తెలియాలి. పటం అంచున ఉండే సూచిక చదవండి. ఇంకా మంచి పద్ధతి, సర్వే నెంబరు రాసి తుడాలో భూ వినియోగ ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టడం. ఆ నెంబరు ఏ జోన్‌లో ఉందో రాతపూర్వకంగా ఇస్తారు. దానికయ్యే రుసుము బయానా ముందు లెక్కలోకే రాదు.

ధ్రువపత్రంలో మన సర్వే నెంబరు నివాస జోన్ అని రాగానే సంబరపడి లేచి వెళ్లిపోతారు. ఒక్క నిమిషం కూర్చోండి. పక్క నెంబర్లేమిటి? రేణిగుంట, గాజులమండ్యం, కరకంబాడి వైపు పారిశ్రామిక జోన్ అంచులో ఉన్న నివాస స్థలానికీ, నాలుగు వైపులా ఇళ్ల జోనే ఉన్న స్థలానికీ ఈరోజు ధర ఒకటే ఉండవచ్చు, రెంటి చుట్టూ ఈరోజు ఖాళీ పొలమే ఉండవచ్చు. పదేళ్ల తర్వాత ఒకదాని ఎదురుగా షెడ్లు, లారీలు వస్తాయి. అప్పుడు ఫిర్యాదు చేసినా వినేవాళ్లు ఉండరు, ఎందుకంటే షెడ్డు తన జోన్‌లోనే ఉంది. అలాగే పటంలో గీసిన రోడ్లు చూడండి. నేల మీద అరటిచెట్లు తప్ప ఏమీ కనిపించని చోట పటంలో ప్రతిపాదిత మాస్టర్ ప్లాన్ రోడ్డు ఉండవచ్చు. ప్లాన్ అనుమతికి వెళ్లినప్పుడు ఆ మేరకు స్థలం వదలమంటారు. బదులుగా టీడీఆర్ బాండు (వేరే చోట అదనంగా కట్టుకునే హక్కు పత్రం) ఇచ్చే పద్ధతి ఉంది కానీ, 40 అంకణాల మనిషికి బాండు దేనికి, ఇంట్లో గది కావాలి గానీ!

విమానాశ్రయం చుట్టుపక్కల కట్టేవాళ్లకు ఎత్తు పరిమితి కూడా ఉంటుంది. విమానాశ్రయ సంస్థ రంగుల గడుల పటంలో మీ స్థలం ఏ గడిలో పడిందో చూసుకుంటే సరిపోతుంది. మామూలు రెండంతస్తుల ఇంటికి చాలాచోట్ల అడ్డు రాదు.

కన్వర్షన్ వేరు, జోన్ మార్పు వేరు

అన్నింటికన్నా ఎక్కువమందిని ముంచిన మాట "కన్వర్షన్ అయిపోయింది సార్".

2006లో వచ్చిన చట్టం కింద వ్యవసాయ భూమిని వ్యవసాయేతర అవసరానికి మార్చుకోవాలంటే పన్ను కట్టి రెవెన్యూ శాఖ నుంచి ఉత్తర్వు తీసుకోవాల్సి వచ్చేది. జనం నోట్లో అది నాలా కన్వర్షన్. దాని పని అంతవరకే: ఈ భూమిలో ఇకమీద సాగు చేయరని రెవెన్యూ రికార్డు ఒప్పుకోవడం. మాస్టర్ ప్లాన్ ఆ ఉత్తర్వు మాట వినదు. వ్యవసాయ జోన్‌లో ఉన్న సర్వే నెంబరుకు నాలా పన్ను కట్టినా అది వ్యవసాయ జోన్‌లోనే ఉంటుంది. జోన్ మారాలంటే భూ వినియోగ మార్పిడికి విడిగా దరఖాస్తు పెట్టాలి. ఛార్జీలు కట్టాలి. అభ్యంతరాలు పిలుస్తూ ప్రకటన రావాలి. ప్రభుత్వ స్థాయిలో ఉత్తర్వు రావాలి. నెలలు పడుతుంది, తిరస్కరించనూవచ్చు.

దీని మీద ఇంకో మెలిక పడింది. 2025లో ఆ నాలా చట్టాన్నే ప్రభుత్వం రద్దు చేసి, లేఅవుట్‌కో భవనానికో అనుమతి తీసుకునేటప్పుడు అభివృద్ధి రుసుము కట్టించుకునే పద్ధతి తెచ్చింది. సామాన్యుడికి ఒక ఆఫీసు మెట్లు తగ్గాయి, మంచిదే. కానీ అప్పుడే మధ్యవర్తుల నోట కొత్త పాట మొదలైంది: "కన్వర్షన్ ఇక అక్కర్లేదు, ఎక్కడైనా కట్టుకోవచ్చు." పోయింది రెవెన్యూ కన్వర్షన్. జోన్ ఎక్కడికీ పోలేదు.

మా దగ్గరి బంధువు ఒకాయన ఈ తేడా తెలియక ఇరుక్కున్నాడు. మంచి రోడ్డు పక్కన 12 సెంట్లు కొన్నాడు, కన్వర్షన్ ఉత్తర్వు ఫ్రేము కట్టించి పెట్టుకోదగ్గంత భద్రంగా దాచుకున్నాడు. ఇంటి ప్లాన్ గీయమని నా దగ్గరికి వచ్చింది కొన్నాక. సర్వే నెంబరు పటంలో వెతికితే వినోద జోన్. అంటే పార్కులకూ ఆటస్థలాలకూ కేటాయించిన చోటు. నేను గీసే గీతలతో అయ్యే పని కాదది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఇప్పుడు అందులో మామిడి మొక్కలు నాటాడు. కాయలు బాగానే కాస్తున్నాయి.

మూడు కాగితాలు పక్కపక్కన

ఇక ఆ దంపతుల మూడు కాగితాల దగ్గరికి వద్దాం.

బ్రోచర్‌లో ఎల్‌పీ నెంబరు ఉంది. లేఅవుట్ ప్లాన్ ఆమోదానికి ఇచ్చే నెంబరది. అదుంటే సగం పని అయినట్టు. ఎల్‌పీ నెంబరు లేకుండా "తుడా ప్రపోజ్డ్" అని రాసిన బోర్డులు రేణిగుంట రోడ్డులోనూ చంద్రగిరి రోడ్డులోనూ కనిపిస్తాయి. ప్రపోజ్డ్ అంటే దరఖాస్తు పెడదామని అనుకుంటున్నారని మాత్రమే. ఈ లోకంలో అనుకోవడానికి అనుమతి అక్కర్లేదు. నెంబరు ఉన్నప్పుడు దాన్ని పట్టుకుని తుడా నుంచి ఆమోదించిన పటం నకలు తీసుకోండి. బ్రోచర్ పటాన్ని దాని పక్కన పెట్టి ప్లాటు ప్లాటూ పోల్చండి. లేఅవుట్ విస్తీర్ణంలో కనీసం 10 శాతం ఖాళీ స్థలంగా వదలాలి, దాన్ని స్థానిక సంస్థకు గిఫ్టు డీడుగా రాసివ్వాలి. అసలు పటంలో పార్కుగా ఉన్న మూల బ్రోచర్‌లో మూడు ప్లాట్లుగా మారిన విచిత్రం నేను కళ్లారా చూశాను.

కొనేవాళ్లలో నూటికి తొంభైమంది అడగని ప్రశ్న ఇంకొకటుంది: తనఖాలో ఉన్న ప్లాట్లేవి? రోడ్లు, కాలువలు, కరెంటు స్తంభాలు పూర్తిచేస్తాననే హామీగా వెంచర్ వేసేవాళ్లు 15 శాతం స్థలాన్ని తుడాకు తనఖా పెట్టాలి. పనులు పూర్తయి తుది ఆమోదం వచ్చాకే అవి విడుదలవుతాయి. ఈలోపు వాటినీ అమ్మజూపేవాళ్లు ఉంటారు, పైగా "మీకోసం అంకణానికి ఇంత తగ్గిస్తాం" అంటారు. తనఖా డాక్యుమెంటులో ప్లాటు నెంబర్లు స్పష్టంగా రాసి ఉంటాయి, అడిగి చదవండి. 500 చదరపు మీటర్లు దాటిన వెంచరైతే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నెంబరు కూడా ఉండాలి. ఆ సైటులో వెతికితే అమ్మేవాళ్లు ఏ తేదీకి ఏం పూర్తిచేస్తామని రాసిచ్చారో కనిపిస్తుంది.

రోడ్డు వెడల్పు సంగతి. 2017 లేఅవుట్ నిబంధనల్లో లోపలి రోడ్డు కనీసం 12 మీటర్లు, అంటే 40 అడుగులు. 2025 సవరణతో అది 9 మీటర్లకు తగ్గింది. కాబట్టి పాత ఆమోదం ఉన్న వెంచర్‌లో 40 అడుగుల రోడ్డు, పక్కనే కొత్త వెంచర్‌లో 30 అడుగుల రోడ్డు కనిపిస్తే ఎవరో మోసం చేస్తున్నారని కంగారుపడవద్దు. నన్నడిగితే, ధర ఒకటే అయినప్పుడు 40 అడుగుల రోడ్డున్న పాత వెంచరే మేలు. రేపు ఇంటి ముందు కారు ఆపాలి, ఎదురింటివాళ్లూ ఆపాలి.

రెండో కాగితం, 70 అంకణాలది. దాని మీద "పంచాయతీ అప్రూవల్" అని ముద్ర. తుడా పరిధిలో పంచాయతీ సొంతంగా లేఅవుట్ ఆమోదించే వీలు లేదు. సాంకేతిక ఆమోదం తుడా నుంచి రావాల్సిందే. కాబట్టి ఆ ముద్రకు విలువ లేదు. ఇలాంటి ప్లాటులో ప్లాన్ అనుమతి రాదు, బ్యాంకు అప్పు ఇవ్వదు. "ఎల్‌ఆర్‌ఎస్ కట్టేస్తే సరి" అంటాడు అమ్మేవాడు. ఎల్‌ఆర్‌ఎస్ (ఆమోదం లేని ప్లాట్లను రుసుము కట్టించుకుని క్రమబద్ధం చేసే పథకం) నిజంగానే ఒక దారి, కానీ దానికి మూడు గుమ్మాలున్నాయి. ఒకటి తేదీ: 2025లో ప్రకటించిన పథకం ఆ ఏడాది జూన్ 30 లోపు రిజిస్టరైన ప్లాట్లకు. నిన్న మొన్న విడగొట్టి అమ్ముతున్న ప్లాటుకు అది వర్తించదు. రెండు, డబ్బు: క్రమబద్ధీకరణ రుసుము కాకుండా, వెంచర్ వేసినవాడు వదలని ఖాళీ స్థలానికి బదులుగా ప్లాటు విలువలో కొంత శాతం మనం కట్టాలి. వాడు మింగిన పార్కుకు మనం పరిహారం కట్టడమన్నమాట. మూడు, స్థలం స్వభావం: చెరువు, వాగు, ప్రభుత్వ భూమి, మాస్టర్ ప్లాన్‌లో వినోద, ఖాళీ స్థలాల జోన్ – వీటిలో పడితే ఎంత కట్టినా క్రమబద్ధం కాదు.

అందుకని ఇలా అనుకోండి. ఎల్‌ఆర్‌ఎస్ ఉత్తర్వు ఇప్పటికే చేతిలో ఉన్న ప్లాటు పరవాలేదు, బేరమాడి తీసుకోవచ్చు. అమ్మేవాడే తన ఖర్చుతో ఉత్తర్వు తెప్పించి, ఆ తర్వాతే రిజిస్ట్రేషన్ అంటే కూడా సరే. "మీరు కొన్నాక కట్టుకోండి" అంటే మాత్రం 70 అంకణాలు కాదు, 140 ఇచ్చినా నేను వద్దంటాను.

ఇక అరటితోట. టీచరుగారి మనసంతా దాని మీదే ఉంది. పాతిక సెంట్లు, బోరు, పక్కనే కొండ, రిటైరయ్యాక చిన్న ఇల్లు, రెండు ఆవులు. ఎవరికి ఉండదు ఆశ? ఒక ఆదివారం ముగ్గురం వెళ్లాం. ముందుగా ఆ సర్వే నెంబరు ఎఫ్‌ఎంబీ పటం, అంటే సర్వే శాఖ కొలతల పటం, తీయించాను. పొలం పడమటి అంచున, పొడవైన వైపు, రెండు సమాంతర చుక్కల గీతలు, మధ్యలో వంక అని రాత. వెడల్పు 60 లింకులు, అంటే 12 మీటర్లు. నేల మీద చూస్తే అక్కడ ఎనిమిదడుగుల గోతి, అందులో సర్కారు తుమ్మ. మిగిలిందంతా ఎప్పుడో పూడ్చి చదును చేసి అరటి వేశారు. అమ్మే ఆయన "అది పాతకాలం పటం, ఇప్పుడు వంకా లేదు, నీళ్లూ లేవు" అన్నాడు. టీచరమ్మ చెప్పుకాలితో అరటిచెట్టు మొదట్లో మట్టిని గీకారు. రెండు వేళ్ల లోతుకే ముతక ఇసుక. గుప్పెడు తీసి భర్త అరచేతిలో పోశారు. "ఇది పొలం మట్టి కాదండీ. నీళ్లు నడిచిన దారి" అన్నారు. ఆవిడ పుట్టిల్లు రైతు కుటుంబమట.

లెక్క చెబుతాను. 2017 భవన నిబంధనల ప్రకారం 10 మీటర్లకు మించి వెడల్పున్న వాగు, వంక, కాలువ అంచు నుంచి 9 మీటర్లు వదలాలి. పది మీటర్ల లోపువైతే 2 మీటర్లు. ఆ పొలం పొడవు 150 అడుగులు, వెడల్పు 72. వంక వెంబడి 9 మీటర్లు, అంటే దాదాపు 30 అడుగులు వదిలితే పది సెంట్లు గాలికి పోయినట్టే. మిగిలిన పదిహేను సెంట్లు వ్యవసాయ జోన్. అక్కడ సాగు చేసుకుంటూ తోట ఇల్లు ఒకటి కట్టుకోవడం వేరు, రేపు పిల్లలకు రెండు ప్లాట్లుగా పంచి ఇళ్లు కట్టించడం వేరు. రెండోది జోన్ మారితే తప్ప కుదరదు. ఇదే భూమిని ఐదేసి, పదేసి సెంట్లుగా ముక్కలు కోసి "ఫామ్ ప్లాట్లు" అని అమ్మేవాళ్లు ఇప్పుడు ప్రతి రోడ్డులో ఉన్నారు. ఐదు సెంట్లలో ఎవరూ వ్యవసాయం చేయరు. ఇల్లు కట్టనివ్వరు. ఇక మిగిలేది ఏమిటో నాకైతే తెలియదు.

నీళ్ల విషయంలో ఈ ఊళ్లో కొంచెం మొండిగా ఉంటాను. కొర్లగుంట, తాతయ్యగుంట, మల్లంగుంట, తుమ్మలగుంట – మన పేటల పేర్లలోనే గుంటలున్నాయి. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు వాగులయ్యాయి. రాయలచెరువు కట్ట తెగుతుందన్న భయంతో దిగువ పల్లెలను ఖాళీ చేయించారు. శ్రీకృష్ణానగర్‌లో ఒక ఇంటి ఆవరణలో భూమిలో దించిన సిమెంటు ఒరల నీళ్లతొట్టి మొలకలా పైకి లేచి నిలబడింది. ఆ వారం టీవీల్లో చూసినవాళ్లకు వంక గీత ఎంత పాతదైనా నవ్వు రాదు. పది హెక్టార్లు దాటిన చెరువుకు పూర్తి నీటిమట్టం నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువుకూ కుంటకూ 9 మీటర్లు వదలాలి. నదికి, అంటే మనకు స్వర్ణముఖికి, మునిసిపల్ హద్దుల్లో 50 మీటర్లు, బయట 100 మీటర్లు. స్వర్ణముఖి ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కదా అని దాని ఒడ్డున చవకగా దొరికే స్థలాలకు ఎగబడవద్దు.

భూమి పుట్టుక

జోన్ సరే, నీళ్లు సరే. భూమి ఎక్కడి నుంచి వచ్చిందన్నది మిగిలింది. చిత్తూరు వైపు పాత డాక్యుమెంట్లలో డీకేటీ అనే మూడక్షరాలు కనబడితే అక్కడే ఆగండి. అది పేదలకు ప్రభుత్వం ఇచ్చిన భూమి. 1977 చట్టం ప్రకారం అమ్మకం చెల్లదు. 20 ఏళ్లు దాటినవాటికి పూర్తి హక్కులిస్తూ 2023లో సవరణ వచ్చింది, ఆ తర్వాత ప్రభుత్వం మారి వాటి రిజిస్ట్రేషన్లకు అడ్డుకట్ట పడింది. "ఇప్పుడు ఫ్రీ హోల్డ్ అయింది సార్" అన్న మాట విని బయానా ఇచ్చేవాళ్ల ధైర్యానికి దండం. తిరుపతి చుట్టూ దేవస్థానం, మఠాల భూములు కూడా విస్తారం. రిజిస్ట్రేషన్ శాఖ సైటులో 22-ఏ నిషేధిత జాబితా చూడటానికి ఐదు నిమిషాలు. సర్వే నెంబరు ఒక్కటే చాలు. కానీ అక్కడితో ఆగకుండా సబ్ డివిజన్ అక్షరం కూడా కొట్టి చూడండి. 118/2 శుభ్రంగా ఉండి 118/2ఏ జాబితాలో ఉండటం మామూలే.

నాలుగోది, ఎవరూ బ్రోచర్ వేయనిది

మాటల్లో టీచరమ్మ ఇంకో సంగతి చెప్పారు. తిరుచానూరుకు అవతల ఒక పల్లెలో వాళ్ల చిన్నమ్మ పాత ఇల్లు ఉంది. పెంకుటిల్లు, వెనకాల వేపచెట్టుతో కలిపి 55 అంకణాలు. చిన్నమ్మ అమ్మేస్తానంటోంది. కానీ గ్రామకంఠం కదా అని దాన్ని లెక్కలోకే తీసుకోలేదు.

నా లెక్కలో మాత్రం అది రెండో స్థానం. గ్రామకంఠమంటే ఊరు పుట్టినప్పటి నుంచి ఇళ్లున్న చోటు. చుట్టూ వ్యవసాయ జోన్ ఉన్నా అక్కడ ఇల్లు కట్టుకోవడానికి జోన్ గొడవ ఉండదు. కుళాయి, కరెంటు, బడి, గుడి, పలకరించే మనిషి అన్నీ ముందే ఉన్నాయి. కష్టమల్లా కాగితాలతోనే. సర్వే నెంబరు కింద పట్టా ఉండదు, పాత ఇంటి పన్ను రశీదులే ఆధారం. 2020లో మొదలైన స్వామిత్వ పథకం కింద డ్రోనుతో కొలిచి ఆస్తి కార్డులిచ్చిన ఊళ్లలో ఈ కష్టం తగ్గింది. ఆ ఊళ్లో కార్డులు వచ్చాయా అని పంచాయతీ కార్యదర్శిని అడగాలి. వారసులందరి సంతకాలు తీసుకోవాలి, బొంబాయిలో ఉన్న పెద్దబ్బాయితో సహా. వీధి పదడుగులే ఉంటే ప్లాన్ అనుమతిలో ముందు కొంత రోడ్డుకు వదలమంటారు. అప్పు తీసుకుని కొనేవాళ్లకు ఇది కుదరదు, బ్యాంకు మొహం తిప్పుకుంటుంది. చేతిలో డబ్బుండి, తామే ఉండటానికి కొనేవాళ్లు మాత్రం తప్పక ఆలోచించాలి. ఐదేళ్లలో రెట్టింపు ధరకు అమ్మాలనుకునేవాళ్లకు దీంతో పనిలేదు.

అపార్టుమెంటు సంగతి అడుగుతారేమో. అక్కడ జోన్ తలనొప్పి బిల్డరుది. మీరు ప్లాన్ అనుమతి నకలు, రెరా నెంబరు, అవిభాజ్య వాటా (స్థలంలో మీ వంతు) ఎన్ని గజాలో చూసుకుంటే చాలు. అనుమతి ఎన్ని అంతస్తులకో లెక్కపెట్టి, పైకి చూసి మళ్లీ లెక్కపెట్టండి.

ఎవరికి ఏది

అప్పు మీద కొని, రెండు మూడేళ్లలో కట్టాలనుకునే ఉద్యోగులకు ఆమోదం ఉన్న లేఅవుట్‌లో ప్లాటు ఒక్కటే దారి, విస్తీర్ణం తగ్గినా సరే. పిల్లల చదువులకో పెళ్లికో పదేళ్ల తర్వాత అమ్ముకోవడానికి కొనేవాళ్లకూ అదే, ఎందుకంటే అప్పుడు మీ దగ్గర కొనేవాడూ అప్పు మీదే కొంటాడు. ఎల్‌ఆర్‌ఎస్ ఉత్తర్వు ఉన్న ప్లాటు దాని తర్వాత. వ్యవసాయ భూమిని వ్యవసాయానికే కొనండి. జోన్ మారుతుంది, గ్రేటర్ తిరుపతి వస్తుంది, రింగు రోడ్డు పడుతుంది అని పందెం కాయాలనుకుంటే పందెమని తెలిసే కాయండి, ఇల్లు అమ్మి మాత్రం కాయవద్దు. పంచాయతీ నగరపాలికలో కలిసినంత మాత్రాన జోన్ రంగు మారదు, పన్ను మారుతుంది.

ఇంటి కింద దుకాణమో, యాత్రికులకు అద్దె గదులో వేసుకుందామనుకునేవాళ్లు ఆ మాట ముందే చెప్పాలి. తిరుపతిలో ఇల్లని అనుమతి తీసుకుని గదుల మీద గదులు వేసి అద్దెకిచ్చేవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లకు జరుగుతోంది కదా అని మీరు లెక్క వేసుకోవద్దు. రోడ్డు వెడల్పు, పార్కింగు, జోన్ మూడూ కలిస్తేనే అది కాగితం మీద నిలుస్తుంది.

ఆ దంపతులు చివరికి తిరుచానూరు వైపు వెంచర్‌కే వెళ్లారు. చిన్నమ్మ ఇంటికి బ్యాంకు ఒప్పుకోలేదు. ఆయన ముందు ముచ్చటపడింది తూర్పు ముఖం మూల ప్లాటు, 40 అంకణాలు. తనఖా డాక్యుమెంటు తెప్పించి చదివితే ఆ నెంబరు అందులో ఉంది. దాన్ని వదిలి, నాలుగు అంకణాలు తక్కువైనా తనఖా బయట ఉన్న ప్లాటు తీసుకున్నారు. ప్లాన్ గీయడం మొదలుపెట్టాను. పడమటి ముఖమని ఆయన ఇంకా గొణుగుతూనే ఉన్నారు. ఆవిడ మాత్రం వంటగది కిటికీ ఎటు పెడుతున్నానో రెండుసార్లు అడిగారు.